ముక్కు ముందు, మీరు వెనక

న్యూయార్క్‌లో దిగారు. జేఎఫ్‌కే విమానాశ్రయంలో సామాన్ల బెల్ట్ చుట్టూ జనం. మీ పెట్టె ఇంకా రాలేదు. ఒకటే నిద్రమత్తు. భుజానికున్న సంచిలో అడుగున, తువ్వాలులో చుట్టి, హైదరాబాద్‌లో అమ్మ పెట్టిన రెండు బంగినపల్లి పండ్లున్నాయి. ఆ సంగతి కస్టమ్స్ వాళ్లకు చెప్పలేదు. రెండు పండ్లకేముందిలే అనుకున్నారు.

మోకాలి దగ్గర ఏదో కదులుతోంది. వంగి చూస్తే బీగిల్ కుక్క. నలుపు, తెలుపు, గోధుమ, మూడు రంగులూ ఉన్నాయి ఒంటి మీద. చెవులు బుగ్గల కిందికి వేలాడుతున్నాయి. వీపు మీద చిన్న జాకెట్. అరవడం లేదు, గోకడం లేదు. మీ సంచి అంచుకు ముక్కు ఆనించి గట్టిగా పీల్చి, అక్కడే చతికిలబడింది. మీ మొహంలోకి చూస్తోంది. వెనకున్న అధికారి మర్యాదగా అడుగుతున్నాడు: "పండ్లేమైనా తెచ్చారా?"

పండ్లు పోయాయి. కుక్కకు మాత్రం అధికారి జేబులోంచి ఒక బిస్కెట్ ముక్క దక్కింది. అది నములుతుంటే మీ కోపం ఎటు పోయిందో తెలియదు.

ఇంతకీ ఇక్కడ బీగిలే ఎందుకు? అమెరికా వ్యవసాయ శాఖ 1984లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో ఈ కుక్కలతో పని మొదలుపెట్టింది. జర్మన్ షెపర్డ్ వచ్చి పక్కన నిలబడితే ప్రయాణికులు జడుసుకుంటారు. బీగిల్ వస్తే పిల్లలు నిమరడానికి చేయి చాస్తారు. పైగా తిండి పెడతానంటే ఎంత పనైనా చేస్తుంది. జార్జియా రాష్ట్రం న్యూనన్‌లో వీటి శిక్షణ కేంద్రం ఉంది. మొదట నేర్పే వాసనలు ఐదు: యాపిల్, నారింజ జాతి పండ్లు, మామిడి, పంది మాంసం, గొడ్డు మాంసం. మీరు దొరికిపోయింది మూడోదానితో.

ఇంటికెళ్లే దారిలో మీ అమ్మాయి కారు వెనక సీట్లోంచి అంటోంది: "అలాంటిదే ఒకటి మనమూ తెచ్చుకుందాం."

మీ ఇల్లు హడ్సన్ నది లోయలో. పెరటి కంచె దాటితే అడవే. పోయిన నవంబర్‌లో ఆ కంచెకు కాస్త అవతల ఒక తెల్లతోక జింక చచ్చి పడి ఉంది. కంపు కొట్టేదాకా ఎవరికీ తెలియలేదు. డొక్కలో విరిగిన బాణం. కొట్టినవాడు ఎక్కడెక్కడో వెతికి, దొరక్క, వెళ్లిపోయి ఉంటాడు. "ఇది ఎంతసేపు బతికుండి ఉంటుంది?" అని మీ అమ్మాయి అడిగింది. మీరు జవాబు చెప్పలేకపోయారు.

వేట అంటే మనలో చాలామందికి మొహం ముడుచుకుపోతుంది. ఈ దేశంలో అది చట్టబద్ధం. దానికో కాలం, లైసెన్సు, లెక్క ఉన్నాయి. మీకు నచ్చినా నచ్చకపోయినా అక్టోబర్ రాగానే విల్లులు బయటికొస్తాయి. గురి తప్పిన బాణం తగిలిన జింకకు మన అభిప్రాయాలతో పనిలేదు. దాన్ని ఎవరో ఒకరు త్వరగా కనుక్కోవాలి.

పక్కింటి పెద్దాయన, ముసలి వేటగాడు, చెప్పిన సంగతి మీ బుర్రలో తిరుగుతూనే ఉంది. జర్మనీలో ఇది తరతరాల పద్ధతి: గాయపడిన జంతువు జాడ తీయడానికి తాడు కట్టిన కుక్కను పంపుతారు. న్యూయార్క్‌లో ఒకప్పుడు జింక వెనక కుక్కను పంపడమే నేరం. 1970లలో జాన్ జీన్నీ అనే ఆయన ప్రభుత్వం దగ్గర ప్రత్యేక అనుమతి తీసుకుని, పొట్టి కాళ్ల డాక్స్‌హుండ్‌తో చేసి చూపించాడు. తర్వాత చట్టం మారింది. ఇప్పుడు పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవచ్చు. కుక్క మెడకు తాడు మాత్రం ఉండి తీరాలి.

"నన్నడిగితే డాక్స్‌హుండే," అంటున్నాడు పెద్దాయన. "బీగిల్‌ను పుట్టించింది గుంపుగా కుందేలును తరమడానికి. వేడి వేడి జాడ అంటే దానికి పిచ్చి. రాత్రి చల్లారిన జాడను ఒంటరిగా, ఓపిగ్గా పట్టుకుపోవడం దాని రక్తంలో అంతగా లేదు. నేర్పొచ్చు. కానీ మీకు ఓపిక ఉండాలి." కాసేపాగి, మీ అమ్మాయి వైపు చూసి అంటున్నాడు: "పిల్లలున్న ఇంటికి మాత్రం బీగిల్‌ను మించింది లేదు."

ఇప్పుడు మీరు ఒక పెంపకందారు ఇంటి వెనక, గడ్డి మీద, చొక్కా నలుగుతున్నా పట్టించుకోకుండా కూర్చుని ఉన్నారు. చుట్టూ ఐదు పిల్లలు. ఎనిమిది వారాలు నిండాయి. అంతకంటే ముందు తల్లి నుంచి విడదీస్తానంటే అక్కడి నుంచి లేచి వచ్చేయాల్సిందే. వాటి కడుపులు గుండ్రంగా ఉన్నాయి, నోట్లోంచి పాల వాసన. ఒకటి మీ బూటు లేసు పట్టుకుని లాగుతోంది. మీ అమ్మాయి మనసు అప్పుడే దాని మీద పడిపోయింది.

"తొందరపడకండి," అంటోంది ఆ ఇంటావిడ. "ముందు తల్లిని చూడండి."

తల్లి వరండా మెట్ల మీద పడుకుని ఉంది. కొత్త మనిషిని చూసి లేచి, వచ్చి, మీ చేయి వాసన చూసి, తోక ఊపి, మళ్లీ వెళ్లి పడుకుంది. గుర్రుమనలేదు. వెనక్కి జంకలేదు. పిల్లల స్వభావం గురించి మీకు దొరికే మంచి సాక్ష్యం ఇదే. భుజం దాకా ఎత్తు 13 అంగుళాలకు లోపే. అమెరికాలో బీగిళ్లు రెండు కొలతల్లో వస్తాయి, 13 అంగుళాల లోపువి, 13 నుంచి 15 అంగుళాలవి. చిన్నవి 9 కిలోల లోపే తూగుతాయి, పెద్దవి 14 దాకా వెళ్తాయి. ముళ్ల పొదల కింద దూరడానికి చిన్నది మేలు. మోకాలి లోతు మంచులో నడవడానికి పెద్దది మేలు. మీ దగ్గర ముళ్లూ ఉన్నాయి, మంచూ ఉంది. ఏది ఎంచుకున్నా కొంత వదులుకోవాల్సిందే.

అడగాల్సినవి అడుగుతున్నారు. వీటి తాతముత్తాతలు ప్రదర్శనల్లో తిరిగినవా, పొలాల్లో తిరిగినవా? పొలాల్లోవే. కుందేళ్ల వెంట పరుగెత్తినవే. బీగిళ్లలో వచ్చే మస్లాడిన్-ల్యూకే వ్యాధికి జన్యుపరీక్ష చేయించారా? ఆ వ్యాధి ఉన్న కుక్క చర్మం బిగుసుకుపోయి, మునివేళ్ల మీద నడుస్తుంది. చేయించాం, ఇదిగో కాగితం. మూర్ఛ ఉందా వంశంలో? థైరాయిడ్? ఆవిడ విసుక్కోకుండా జవాబు చెబుతోంది. విసుక్కుంటే అదీ ఒక జవాబే.

తర్వాత ఆవిడ ఒక ఎండిన జింక చర్మం ముక్కకు దారం కట్టి గడ్డి మీద ఈడ్చుకుంటూ పోయి, మలుపు తిప్పి, ఒక బకెట్ వెనక దాచింది. పిల్లల్ని ఒక్కొక్కదాన్నే వదులుతోంది.

బూటు లేసుది నాలుగడుగులు వేసి, సీతాకోకచిలుక కనిపించగానే అటు పోయింది. రెండోది మీ ఒళ్లోకే వచ్చింది. మూడోది సగం మొహం తెల్లగా ఉన్న ఆడపిల్ల. తల దించింది. ఎత్తలేదు. చర్మం పోయిన దారినే పోతోంది. మలుపు దగ్గర దాటి ముందుకెళ్లిపోయింది. అక్కడ వాసన లేదు. ఆగింది. చూడండి ఇప్పుడు. ఇక్కడే తెలుస్తుంది. అది మీ వైపు తిరిగి సాయం కోసం చూస్తుందా, బెంగపడి కూర్చుంటుందా? రెండూ కాదు. పోయిన చోటి నుంచి వెనక్కొచ్చి, చిన్న చుట్టు తిరిగి, మలుపు పట్టుకుంది. తోక గిరగిరా తిప్పుతోంది. బకెట్ వెనక నుంచి చర్మం లాక్కుని గుర్రుమంటోంది.

ఆవిడ గిన్నె మూత ఒకటి రాయి మీద పడేసింది. ఖంగుమంది. పిల్ల ఉలిక్కిపడి, మూత దగ్గరికే వచ్చి వాసన చూస్తోంది.

మీ అమ్మాయి ఇంకా లేసు లాగినదాన్నే ఎత్తుకుని ఉంది. ఇప్పుడు మీరు నిర్ణయించాలి. ఆ కళ్లు చూసి కొంటారా, ఈ ముక్కు చూసి కొంటారా? కళ్లు అన్ని బీగిల్ పిల్లలకూ అంతే బాగుంటాయి. మీరు తెల్లమొహం దాని వైపు చూపిస్తున్నారు. మీ అమ్మాయి ఒక్క నిమిషం మూతి ముడిచి, దాన్ని ఎత్తుకుని, "దీని పేరు చిట్టి" అని తేల్చేసింది.

మొదటి ఏడాది గురించి ఎక్కువ చెప్పను. నిద్ర ఉండదు. ఒంటరిగా వదిలి వెళ్తే చిట్టి మొరగదు. తల పైకెత్తి, గొంతు సాగదీసి, వీధి చివరిదాకా వినిపించేలా ఊళ పెడుతుంది. అపార్ట్‌మెంట్లో ఉంటే ఈపాటికి నోటీసు వచ్చేది. కంచె కింద తవ్వుతుంది. పిలిస్తే వస్తుంది, ముక్కుకు వేరే పని లేనప్పుడు మాత్రమే. వేలాడే చెవుల్లో గాలి ఆడక తేమ చేరుతుంది, వారం వారం తుడవకపోతే కంపు మొదలవుతుంది. గిన్నెలో ఎంత పెట్టినా ఇంకా కావాలంటుంది. దాని మాట విన్నారా, ఏడాది తిరిగేసరికి నడుం కనిపించదు.

దీపావళి నాడు మాత్రం ఆగుదాం. వంటింట్లో పాయసం ఉడుకుతోంది. గట్టు మీద జీడిపప్పు, కిస్‌మిస్. మీరు ఫోన్ ఎత్తడానికి పక్క గదిలోకి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి కుర్చీ గట్టుకు ఆనుకుని ఉంది, కిస్‌మిస్ పొట్లం నేల మీద ఉంది, చిట్టి కాగితం నాకుతోంది. మీకు నవ్వొస్తోంది. నవ్వకండి. ఎండుద్రాక్ష కుక్క కిడ్నీలను పాడుచేస్తుంది. ఎంత తింటే ప్రమాదమో ముందే లెక్కగట్టలేం. కొన్నిటికి గుప్పెడు కూడా ఎక్కువే. రేపు చూద్దామనుకుంటే ఆలస్యమైపోతుంది. పొయ్యి ఆపేసి, కుక్కను చంకలో వేసుకుని, పండగ బట్టలతోనే కారెక్కారు. డాక్టర్ సూది వేసి కక్కించింది. కిస్‌మిస్‌లు ఉబ్బి, అన్నీ బయటికొచ్చాయి. ఉల్లిపాయ కూడా వద్దంటోంది ఆవిడ, అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుందట. చాక్లెట్ సంగతి సరే సరి. ఉల్లీ ద్రాక్షా లేని తెలుగు వంటిల్లు ఏదో మీరే చెప్పండి.

ఇక శిక్షణ. పెద్దాయన తన స్నేహితుల దగ్గర జింక రక్తం సీసాల్లో పట్టించి, ఫ్రీజర్‌లో పెట్టించి ఇచ్చాడు. ఐస్‌క్రీమ్ పక్కన అది చూసి ఇంట్లో వాళ్లు ఏమన్నారో రాయను. మొదటి రోజు అడుగుకో చుక్క చొప్పున పెరట్లో ఆ చివర నుంచి ఈ చివరకు. చివర్లో చర్మం ముక్క, మాంసం ముక్క. ఆ తర్వాత చుక్కల మధ్య దూరం పెరిగింది, మలుపులు వచ్చాయి. సాయంత్రం వేసిన జాడను తెల్లవారాక తీయడం వచ్చింది. బూట్లకు జింక గిట్టలు బిగించుకుని మీరే అడవిలో నడుస్తున్నారు. ఎందుకంటే కుక్క వెతికేది రక్తాన్నే కాదు. జింక గిట్టల చీలికలో గ్రంథులుంటాయి. అడుగు వేసిన ప్రతిచోటా ఆ జింకదే అయిన వాసన నేలకు అంటుతుంది. రక్తం ఆగిపోయిన తర్వాత కూడా కుక్క ముందుకు పోగలిగేది దాని వల్లే.

రెండో అక్టోబర్. రాత్రి భోజనాల వేళ ఫోన్. ఎవరో కుర్రాడు, గొంతు వణుకుతోంది. పొద్దు గుంకుతుండగా మగజింకను బాణంతో కొట్టాడట. తగిలింది, పారిపోయింది.

"బాణం దొరికిందా?"

"దొరికింది."

"వాసన చూడు."

ఒక క్షణం నిశ్శబ్దం. "పుల్లగా, పేడ కంపు. ఆకుపచ్చగా ఏదో అంటుకుంది."

నురగతో గులాబీ రంగు రక్తమైతే ఊపిరితిత్తులు. అరగంట చాలు, దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగైదు గంటలు ఆగాలి. ఇది పొట్ట. ఇప్పుడే వెళ్లారా, నొప్పితో పడుకున్న జింక లేచి మైళ్లు పోతుంది. ఆగారా, అది ఆ రాత్రంతా బాధపడుతుంది. రెండూ చెడ్డవే. తక్కువ చెడ్డది ఎంచుకోవాలి. "ఎక్కడున్నావో అక్కడి నుంచి వెనక్కి వచ్చెయ్. వెతకొద్దు. బూట్లకు రక్తం అంటించుకుని అడవంతా తిరిగితే నా కుక్క నీ జాడే తీస్తుంది. తెల్లవారాక కలుద్దాం."

తెల్లవారింది. గడ్డి మీద మంచు పేరుకుంది, అడుగేస్తే కరకరమంటోంది. నారింజ రంగు చొక్కా వేసుకున్నారు. ముప్పై అడుగుల తాడు మీ చేతిలో, వెడల్పాటి పట్టీ చిట్టి మెడకు. ఆ పట్టీ కట్టగానే అది వేరే కుక్క అయిపోయింది. ఆవలించడం లేదు, కుర్రాడి జేబులో రొట్టె గురించి అడగడం లేదు. కుర్రాడు బాణం దొరికిన చోటు చూపించి, విల్లు పట్టుకుని మీ వెనకకు వచ్చాడు.

చిట్టి తల దించింది. చల్లటి నేల వాసనను కింద పట్టి ఉంచింది; ఎండ పొడిచేదాకా అది పైకి లేవదు. వంగితే మీకు ఆ చప్పుడు వినిపిస్తోంది. ఫుస్ ఫుస్ ఫుస్, ఆగకుండా. పీల్చిన గాలిని ముక్కు పక్క చీలికల్లోంచి వదులుతుంది, అందుకే ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు 50 లక్షలు అంటారు, దీని ముక్కులో 22 కోట్లు. ఆ తేడా మీ అరచేతిలో తెలుస్తోంది. తాడు బిగిసింది. పదండి.

పొలం గట్టు. రక్తం ఒక చుక్క, ఆకు మీద ఎండి నల్లబడింది. మీరు చూసేలోపే చిట్టి దాటేసింది. ముక్కు కుట్టుమిషన్ సూదిలా నేల మీద ఆడుతోంది. ముళ్ల గులాబీ పొదలోకి దూరింది. మీరూ దూరాలి. మీ చెవి చీరుకుపోయింది. తాడు చివర ముడి లేదు, అందుకే ఎక్కడా తగులుకోవడం లేదు. ముందు తెల్లటి తోక కొస ఒక్కటే కనిపిస్తోంది.

రాతిగోడ. ఎప్పుడో రెండు వందల ఏళ్ల కిందటి రైతులు పేర్చింది. గోడ మీద పసుపు పలక: ప్రవేశం లేదు. చిట్టి ముందరి కాళ్లు గోడ మీద పెట్టి అవతలికి లాగుతోంది. జాడ అటే పోయింది.

దూకేయమంటున్నాడు కుర్రాడు. వద్దు. ఇక్కడి చట్టంలో కొట్టిన జింక కోసమైనా సరే, పలక ఉన్న నేలలోకి యజమాని మాట లేకుండా అడుగు పెట్టకూడదు. ఫోన్ తీయండి. చిట్టిని ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఒళ్లంతా వణుకుతోంది, చలికి కాదు. అవతల ఎవరో నిద్రమొహంతో విని, సరే వెళ్లండి, అన్నారు.

గోడ దిగాక హెమ్లాక్ చెట్ల చీకటి. నేల చిత్తడి. ఇక్కడ రక్తం లేదు. ఇరవై గజాలు, లేదు. యాభై, లేదు. హఠాత్తుగా చిట్టి తల ఎత్తింది. గొంతు విప్పింది. ఆ సాగదీసిన కూత అడవంతా మోగింది. తాడు మీ వేళ్లలోంచి జారుతూ కాల్చేస్తోంది. పల్లం వైపు లాగుతోంది.

"దొరికింది!" అంటున్నాడు కుర్రాడు. "పల్లంలోనే ఉంటుంది, నీళ్ల దగ్గర. నాకు తెలుసు."

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించాలి. రాత్రి చల్లారిన జాడ మీద ఇది ఇన్నాళ్లూ ఒక్కసారైనా అరిచిందా? లేదు. అరిచేది వేడి జాడ మీద. కుందేలు మీద. ఇప్పుడే దాటిపోయిన ఆరోగ్యమైన జింక మీద. పెద్దాయన చెప్పిన పిచ్చి ఇదే. మీరు తాడు బిగించి ఆపేశారు. తిట్టకండి. దాని పుట్టుకే అది. నడిపించుకుంటూ చివరి రక్తపు చుక్క దాకా వెనక్కి తీసుకొచ్చి, వేలితో నేల చూపించండి.

చిట్టి వాసన చూసింది. మీ మొహం చూసింది. మళ్లీ నేల. చిన్న చుట్టు తిరిగింది. ఇంకాస్త పెద్ద చుట్టు. ఈసారి కూత లేదు. పల్లం వైపు కాదు, గుట్ట ఎక్కే వైపు.

"అటు కాదు," అంటున్నాడు కుర్రాడు. "గాయపడ్డ జింక గుట్ట ఎక్కదు."

అందరూ అదే చెబుతారు. ఎక్కిన జింకల్ని పెద్దాయన చాలానే చూశాడట. కుర్రాడి మాటా, కుక్క మాటా? కుక్క ముక్కు లోతుగా ఉంది. తోక నిమ్మళంగా ఊగుతోంది. తాడు ఒకే బిగువులో ఉంది. మీరు గుట్ట వైపు తిరిగారు.

సగం గుట్ట ఎక్కాక ఫెర్న్ ఆకుల మధ్య అణిగిన గడ్డి. ముట్టుకుంటే తడి. వేళ్లకు ముదురు రంగు అంటింది. జింక ఇక్కడ పడుకుంది. పడుకుని, లేచింది. ఎప్పుడు? చేయి మళ్లీ పెట్టి చూడండి.

వెచ్చగా ఉంది.

చేయెత్తి కుర్రాణ్ని ఆపారు. అడవి చప్పుడు చేయడం మానేసింది. గుట్ట అవతల, కింద, ఎక్కడో లారీ గేరు మారుస్తున్న శబ్దం. అటు రోడ్డుంది.

తాడు పొట్టి చేయండి. పది అడుగులు. ఆరు. చిట్టి మెడ మీద వెంట్రుకలు లేచాయి. ముందు పడిపోయిన చెట్టు మొద్దు. మొద్దు వెనక కొమ్మలు. కొమ్మలు కదిలాయి.

కొమ్మలు కావు. కొమ్ములు.

లేచింది. పెద్దది. తల దించింది. మీ వైపే.

పక్కకు దూకారు. బూటు జారింది. మోకాలు రాయికి తగిలింది. గిట్టలు మీ పక్కనుంచే పోయాయి. బురద మొహాన పడింది. చేయి చూసుకున్నారు. ఖాళీ. తాడు లేదు.

చిట్టి లేదు.

కూత. దూరంగా. ఇంకా దూరంగా. రోడ్డు వైపు.

పిలుస్తారా? పిలిచినా వినదు. చెవులు మూసుకుపోతాయి దానికి, ముక్కు తెరుచుకుంటే. పరుగెత్తండి. కూత ఎటో అటు. కొమ్మ తగిలింది. లేవండి. మళ్లీ లారీ. దగ్గర్లో. కూత ఆగింది.

ఆగింది.

మళ్లీ మొదలైంది. కానీ కదలడం లేదు. ఒకేచోటి నుంచి వస్తోంది.

తాడు రెండు బిర్చ్ మొక్కల చుట్టూ మెలిపడింది. చిట్టి దాని చివర వెనక కాళ్ల మీద లేచి కూస్తోంది. దానికి ఎదురుగా, బండకు వీపు ఆనించి, మగజింక. కాళ్లు ఎడంగా. నోరు తెరిచి. ఇక పరుగెత్తే శక్తి లేదు దానికి. వాటి వెనక చెట్ల సందున తారు రోడ్డు కనిపిస్తోంది.

మీరు పాకుతూ వెళ్లి కుక్కను పొట్ట కింద చేయి వేసి లాక్కున్నారు. దాని గుండె మీ మణికట్టును కొడుతోంది. కుర్రాడు మీ కుడివైపుకు వచ్చాడు. విల్లు లాగాడు. చేయి వణకడం లేదు ఇప్పుడు. ఈసారి బాణం పడాల్సిన చోట పడింది. జింక నాలుగడుగులు వేసి ఒరిగింది.

కుర్రాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని చిట్టి తల నిమురుతూ ఉండిపోయాడు. దాని వాటా దానికి ఇవ్వండి. కాసేపు చర్మం పట్టుకుని పీకనివ్వండి, గుర్రుమననివ్వండి. ఇన్ని మైళ్లు నడిచింది ఆ సంబరం కోసమే. దాన్ని కూడా మీరు లాక్కుంటే మళ్లీ జాడ తీయదు.

ఇంటికొచ్చాక స్నానానికి ముందు ఇంకో పని. చెవుల లోపల, చంకల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకాలి. దాని ఒంటి మీదా, మీ ఒంటి మీదా. లైమ్ వ్యాధి పేరు వచ్చిందే పక్కనున్న కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరి నుంచి. చిట్టికి టీకా ఉంది, మీకు లేదు. పిడుదుల్లో నువ్వుగింజ కంటే చిన్నవీ ఉంటాయి. దువ్వెన, పట్టకారు, ఓపిక. రాత్రి ఆ కుక్క మీ అమ్మాయి మంచం మీదే కదా పడుకునేది.

ఇదంతా చదివి మీకూ బీగిల్ మీద మనసు పడితే, ఒకటి చెబుతాను. వేటకు తాడు మీద నడిచే కుక్క కావాలా, ఇంట్లో పిల్లలతో ఆడే కుక్క కావాలా అని తేల్చుకోలేకపోతున్న వాళ్లకు బీగిల్ సరిపోతుంది, రెండూ చేస్తుంది. జాడ తీసే పని ఒక్కటే కావాలంటే పెద్దాయన మాటే నిజం, అందుకోసమే పుట్టించిన జాతులు వేరే ఉన్నాయి. పిలవగానే రావాలి, కంచె లేకుండా పెంచాలి, రోజంతా ఒంటరిగా వదిలి ఆఫీసుకు వెళ్లాలి అంటే మాత్రం దీని జోలికి పోకండి. ఆ ముక్కు కావాలంటే ఆ మొండితనమూ తీసుకోవాలి, విడివిడిగా అమ్మరు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి చదువుతున్న వాళ్లకు జాడ తీసే అడవి లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర వేట నేరం. కానీ బీగిళ్లు మన ఫ్లాట్లలోనూ చాలానే ఉన్నాయి, ముక్కుకు పని లేక సోఫాలు చింపుతూ. వాటికి తువ్వాలు చుట్టలో బిస్కెట్ ముక్కలు దాచి వెతకమనండి. పొద్దున నడకలో ఆగిన చోటల్లా లాగేయకుండా వాసన చూడనివ్వండి. బీగిల్ బతికేది 12 నుంచి 15 ఏళ్లు. కొనేముందు పెంపకందారు ఇంటికి వెళ్లి తల్లి కుక్కను చూపించమనండి. చూపించను అన్నవాడి దగ్గర కొనకండి.